రెండో దళం

జనవరి 9

అక్కా,

కవరు మీద నా చేతిరాత చూసి కంగారుపడకు. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, కిటికీలో ఉన్న మొక్కానూ. మీ లోయలో ఫోను అందదు. అందినా సగం మాట నీకు, సగం గాలికి. అందుకే కాగితం పట్టుకున్నాను.

కబురేమిటంటే, ఆఫీసులో మన జనాన్ని నా చేతిలో పెట్టారు. మా ఆట సంగతి ఎన్నిసార్లు చెప్పినా మరిచిపోతావు కాబట్టి మళ్ళీ చెబుతాను. ఆడేవాడు చరిత్రలోంచి ఏదో ఒక జాతిని ఎంచుకుంటాడు. ఊళ్ళు కడతాడు, పొలాలు దున్నిస్తాడు, పక్కవాడి మీదికి దండెత్తుతాడు. విలుకాళ్ళు, గుర్రాలవాళ్ళు అందరికీ ఉంటారు. వాళ్ళు కాక ఒక్కో జాతికి ఇంకెవరికీ లేని దళాలు రెండుంటాయి. ఆ రెంటినీ చూసే జనం ఫలానా జాతి కావాలంటారు.

మనకిచ్చిన దళాలేమిటో తెలుసా? ఒకటి రాళ్ళు దొర్లించేవాడు. రెండోది గొర్రెల దొంగ. చిరిగిన టోపీ, భుజం మీద గొర్రె, వంకర పరుగు. ఆట వచ్చినప్పటినుంచీ లోకానికి మనమంటే వాడే. నేను ఉద్యోగంలో చేరిన రోజున పక్క సీటతను మీదెక్కడ అని అడిగాడు. చెప్పాను. "అయితే గొర్రెలు తెచ్చావా?" అన్నాడు. నేనూ నవ్వాను. ఇంటికెళ్ళి ఏమీ తినకుండా పడుకున్నాను.

ఇప్పుడు ఆ రెంటినీ తీసేసి కొత్తవి చెయ్యమన్నారు. మా టీమ్ పెద్దని మేమంతా మేస్త్రి అంటాం, అతనే అన్నాడు, "మీవాళ్ళే కదా, నువ్వే చెయ్యి" అని. మీ అత్తగారి పుట్టింటివాళ్ళు ఒకప్పుడు తాళ్ళ వంతెనలు మోసినవాళ్ళే కదా. ఆవిణ్ణి కూర్చోబెట్టి అడుగు. ఏం మోసేవారు, ఎలా మోసేవారు, అన్నీ రాయి.

పాప బోర్లా పడుతోందా? అక్టోబరులో నేను రాలేకపోయాను. ఆట గడువు అన్నాను, "పని చూసుకో" అన్నావు. మామూలుగా అన్నావో, మనసులో ఏదైనా పెట్టుకుని అన్నావో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నీ
చెల్లెలు

జనవరి 27

చిన్నీ,

మనసులో ఏమీ పెట్టుకోలేదు. పెట్టుకోవడానికి అప్పుడు మనసులో చోటెక్కడుంది? ఇద్దరు పుట్టి ఒక్కతే ఇంటికొచ్చిన రోజులవి. ఎవరొచ్చారో ఎవరు రాలేదో నాకు గుర్తే లేదు. నువ్వు దాన్ని ఇంకా మోస్తున్నావని ఇప్పుడే తెలిసింది. దించెయ్యి.

పాప బోర్లా పడి, తిరిగి వెల్లకిలా పడటం రాక అందర్నీ తిడుతుంది. నేను ఆసుపత్రి ఉద్యోగంలో మళ్ళీ చేరాను. మందుల గది కారే పైకప్పు ఇంకా అలాగే ఉంది. జ్వరం మాత్రలు ఒక మూలకి, దగ్గు మందు ఇంకో మూలకి జరుపుకుంటూ మావాళ్ళు వానాకాలం వెళ్ళదీశారట.

నువ్వడిగినవి అత్తయ్యని అడిగాను. ఆవిడ మొదట, "ఆటలోకి మనమెందుకమ్మాయీ?" అంది. గొర్రెల దొంగ సంగతి చెప్పాను. అప్పుడు లేచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

వంతెన నారతో పేనిన తాళ్ళూ, మధ్యలో చెక్కలూ. చాపలా చుట్టేసి పొడుగునా భుజాలకెత్తుకునేవారు. వాళ్ళకి ఆయుధం ఉండదు, చేతులు ఖాళీ ఉండవు కాబట్టి. సైన్యమంతా వాళ్ళని కంటిపాపలా కాచుకునేదట. లోయ దగ్గర బాణానికి సన్నని తాడు కట్టి అవతలి చెట్టుకి కొడతారు, దానెంబడి తేలికైనవాడొకడు, వాడెంబడి పెద్ద తాడు, దానెంబడి వంతెన. అందరూ దాటాక ఇవతలి కట్టు విప్పాలి కదా, ఆ విప్పినవాడు ఎలా దాటాలి? కొసని నడుముకి చుట్టుకుని లోయలోకి దూకేస్తాడు. అవతలివాళ్ళు పైకి లాగుతారు. మీ బావ ఇదంతా విని, దూకేవాడికి తన మీసం పెట్టమంటున్నాడు. దూకమంటే మాత్రం టౌన్లో మోటార్ల షాపు వదిలి రాడట.

ఇక ఇది వేరే సంగతి. నీ ఆటకి కాదు, నీకు.

చిన్నది పోయాక చూడవచ్చినవాళ్ళంతా "ఒకతైనా దక్కింది కదమ్మా" అనేవారు. ఆ మాట వినలేక పెరట్లోకి పోయి కూర్చునేదాన్ని. అత్తయ్య ఒక్కతే అనలేదు. ఒక మధ్యాహ్నం పాప బట్టలు మడతపెడుతూ చెప్పింది. వాళ్ళ వంశంలో పాతకాలపు ఆడమనిషి, ఊరు తగలబడుతుంటే ఇద్దరాడపిల్లల్ని తీసుకుని వంతెనెక్కిందట. నడిమధ్యలో ఉండగా శత్రువులు ఒకవైపు తాడు కోశారు. వంతెన ఒరిగి వేలాడింది. ఆమె ఒక చేత్తో తాడు పట్టుకుంది. రెండో చేతిలో ఇద్దరి మణికట్లూ ఉన్నాయి, జారిపోతున్నాయి. ఆమె ఒకదాన్ని వదిలింది. మిగిలినదాని సంతానమే వీళ్ళంతా.

ఇది మగవాళ్ళకి చెప్పరట. బిడ్డ పోయిన ఆడదానికే చెబుతారట, ఆమె ఎవరింటి మనిషైనా సరే. మీ బావకి తెలియదు. మీ బావకంటే ముందు ఒకడు పుట్టి పోయాడని నాకూ ఆ రోజే తెలిసింది. అప్పుడు అత్తయ్యకి వాళ్ళ పెద్దమ్మ చెప్పిందట. చెప్పడం అయ్యాక ఆవిడ ఓదార్పు మాట ఏదీ అనలేదు. మడతపెట్టిన బట్టలు నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. అప్పుడు ఏడ్చాను చిన్నీ, పురుడు పోసుకున్నాక మొదటిసారి.

ఎవరికైనా చెప్పకపోతే ఉండలేననిపించి నీకు రాశాను.

అక్క

ఫిబ్రవరి 12

అక్కా,

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. అది నా దగ్గరే ఉంటుంది. భయపడకు.

వంతెన మోతగాళ్ళు గెలిచారు. బొమ్మలు గీయించి మీటింగులో పెట్టాను. ఆయుధం లేని దళమేమిటని ఇద్దరు గొణిగారు. చివరివాడు కొస కట్టుకుని దూకేది చూపించేసరికి మేస్త్రి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. బావ మీసం పెట్టేశాం. కాస్త పెద్దదే పెట్టాం.

రెండో దళమే కుదరడం లేదు. కొండ వైద్యురాలు అన్నాను, ఇంకో జాతికి ఉందన్నారు. కొండల మీద మంటలు వేసి నిప్పుల కబురు అందించేవాళ్ళు అన్నాను, నిదానమన్నారు. మేస్త్రి ఏమంటాడంటే, "వంతెన చూస్తే తెలివి కనిపిస్తోంది. గుండె పట్టేసేది ఏదీ?" ఈ నెలాఖరుకి తేలకపోతే రెండోదిగా పాతదాన్నే ఉంచేస్తారట. అంటే వాడే, గొర్రెల దొంగ. నా చేతిమీదుగా వాడు ఇంకో పదేళ్ళు బతుకుతాడు. తలుచుకుంటేనే ఒళ్ళు మండిపోతోంది.

మా ఆఫీసులో ఒక పిల్లి చేరింది. సరిగ్గా నా కీబోర్డు మీదే పడుకుంటుంది. అది కొట్టిన అక్షరాలు ఒకసారి మేస్త్రికి వెళ్ళిపోతే, "కొత్త ఆలోచనా?" అని జవాబొచ్చింది.

ఒకటి అడగనా, ఊరికే. ఆ తల్లి ఎవర్ని వదిలింది? పెద్దదాన్నా, చిన్నదాన్నా? అప్పటినుంచీ అదే బుర్రలో తిరుగుతోంది.

చెల్లెలు

ఫిబ్రవరి 20

చిన్నీ,

నీ ఉత్తరం చివర్లో ఆ నాలుగు వాక్యాలూ ఎన్నిసార్లు చదువుకున్నానో. ఇక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగరు. నా ఎదుట నవ్వకూడదనుకుంటారు, ఏడవకూడదనుకుంటారు, చివరికి వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళిపోతారు. నువ్వు అడిగావు. నీకూ అది పట్టుకుందంటే నేను ఒంటరిదాన్ని కాదనిపించింది.

అత్తయ్యని అడిగాను. నువ్వు అడిగావని చెప్పలేదు, నాకే తెలుసుకోవాలని ఉన్నట్టు అడిగాను. ఆవిడ నా మొహం కాసేపు చూసి చెప్పింది. పెద్దదాన్నట. ఆరేడేళ్ళు ఉంటాయేమో. చెయ్యి జారుతుంటే తల్లికంటే ముందు అదే మాట్లాడిందట, "నేను పెద్దదాన్నిగా" అని. అంతే అంది. తల్లి వేళ్ళు విప్పింది.

నేను నీ అక్కని. ఆ మాట నాకెక్కడ తగిలిందో నీకు వివరించక్కర్లేదు.

నీ రెండో దళానికి నిప్పుల కబురువాళ్ళే మంచిదని మీ బావ అభిప్రాయం. నిదానమైతే కాస్త తొందరపెట్టమంటున్నాడు. గొర్రెల దొంగని మాత్రం ఉంచకు.

అక్క

జూన్ 3

అక్కా,

ఇన్నాళ్ళూ రాయనందుకు తిట్టు, పడతాను. ఈ మూడు నెలలూ ఆఫీసులోనే తిని ఆఫీసులోనే కునుకు తీశాను.

కొత్త ఆట విడుదలైంది. గొర్రెల దొంగ పోయాడు, రాళ్ళవాడూ పోయాడు. మన జనం ఇప్పుడు అన్ని జాతుల్లోకీ ఎక్కువమంది ఎంచుకుంటున్న జాతి. నువ్వు నమ్మవు, ఎక్కడెక్కడివాళ్ళో మన గురించి వ్యాసాలు రాస్తున్నారు. పక్క సీటతను వచ్చి చెయ్యి కలిపి, "మీ వాళ్ళు ఇంత గొప్పవాళ్ళని తెలియదండీ" అన్నాడు. ఆ "అండీ" కోసం ఇన్నేళ్ళు ఎదురుచూశాను. నాకు సొంతంగా ఒక టీమ్ ఇస్తామంటున్నారు.

బావ పేరు మీద ఒక కాపీ పంపాను, షాపులో నెట్ ఉంది కదా, దింపుకోమను. తన మీసం వెతుక్కోమను. రెండో దళం గురించి ఇప్పుడేమీ చెప్పను, మీరే చూస్తారు. ఇన్ని చేతులు పడ్డ వస్తువులో అన్నీ మనం అనుకున్నట్టు రావు, ఆ మాట మాత్రం గుర్తుపెట్టుకో.

పాపకి ముద్దులు. ఈసారి సెలవు దొరకగానే వస్తాను.

చెల్లెలు

జూన్ 21

చిన్నీ,

చూశాం.

మీ బావ షాపులో ఆడి చూసుకోలేదు. మొదటిసారి అందరం కలిసి చూడాలని ఆట దింపుకున్న కంప్యూటర్ని బండి మీద కట్టుకుని ఇంటికి తెచ్చాడు. బల్ల తుడిచి పెట్టాడు. "అమ్మా, రా, మా మరదలు నీ పుట్టింటివాళ్ళని ఆటలో పెట్టింది" అని అత్తయ్యని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు కూర్చోబెట్టాడు. వంతెన మోతగాళ్ళు వచ్చారు. మీసం చూసి ఆవిడ నవ్వింది. చివరివాడు దూకితే "అదీ, అలాగే" అంది. పక్కన నేను పాపని ఎత్తుకుని నిలబడి, నీ గురించి ఎంత గర్వపడ్డానో చెప్పలేను. ఆ కాసేపు నిజంగా పడ్డాను.

తరవాత రెండో దళం వచ్చింది. పేరు దాటించే తల్లి. ఇద్దరు పిల్లలు. వంతెన మీదికి బాణాలు పడ్డాయి. వంతెన ఒరిగింది. స్క్రీన్ మీద ఎర్రగా ఒక మీట వెలిగింది, "ఒకరిని వదులు" అని. కింద చిన్న అక్షరాలు, వదిలితే సైన్యం బలం ఇరవై పెరుగుతుందట.

మీ బావకి ఏం తెలుసు? "అబ్బ, భలే పెట్టిందే" అని నొక్కాడు. పిల్ల గొంతు వినిపించింది. "నేను పెద్దదాన్నిగా." పెద్దది కిందికి పోయింది. సైనికులంతా ఊగిపోతూ పరిగెత్తారు.

మీ బావ వాళ్ళమ్మ వైపు తిరిగి, "చూశావా అమ్మా, ఎంత బాగా చేసిందో" అన్నాడు. ఆవిడ అతని వైపు చూడలేదు. నా వైపు చూసింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కుర్చీ వెనక్కి జరిపి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, తన గదిలోకి వెళ్ళింది. మీ బావ, "అమ్మకి కళ్ళు లాగినట్టున్నాయి" అన్నాడు.

ఆవిడ నాతో మాట్లాడటం మానలేదు. పాలు కాగాయమ్మాయీ అంటుంది, తలుపు వేశావా అంటుంది. అంతకు మించి ఒక్క ముక్క లేదు. పాప బట్టలు ఇప్పుడు నేనే మడతపెట్టుకుంటున్నాను.

ఇది ఆటలోకి ఎలా వెళ్ళింది? నాకు తెలిసినంతలో ఈ లోకంలో నేను చెప్పింది నీ ఒక్కదానికే. ఎలా జరిగిందో నువ్వే చెప్పు. నువ్వు చెప్పేదాకా నేనేమీ అనుకోను.

అక్క

జూలై 2

అక్కా,

నీ ఉత్తరం అందింది. బావ వాళ్ళమ్మగారి ముందే నొక్కుతాడని కలలో కూడా అనుకోలేదు.

జరిగింది ఇది. ఫిబ్రవరి ఆఖరులో మేస్త్రి నన్ను గదిలోకి పిలిచి రెండో దళం ఏదీ అన్నాడు. నా దగ్గరేమీ లేదు. నాకు ఏడుపొచ్చేసింది. ఎందుకు అని అడిగితే, ఇంట్లో ఇలా జరిగింది, అక్క బిడ్డ పోయింది, వాళ్ళింట్లో ఇలాంటి కథ ఉంది అని నోరు జారాను. ఆటలో పెట్టమని కాదు. మనిషిలా అడిగాడు, మనిషికి చెప్పినట్టు చెప్పాను. నాకు తెలియకుండా అతనే దాన్ని దళంగా రాయించాడు. మీటా, ఆ ఇరవై బలం, ఆ మాటా, అన్నీ అతని పనే. నేను చూసేసరికి ఆట బయటికి వెళ్ళే వేళయింది. అరిచాను, వినలేదు. నన్ను కూడా మోసం చేశారక్కా.

వచ్చే మార్పుల్లో ఆ మీట తీసేయమని పోట్లాడతాను. నేనొచ్చి మీ అత్తగారి కాళ్ళ మీద పడతాను. టిక్కెట్టు చూసుకుంటున్నాను.

ఒక్కటి మాత్రం ఆలోచించు. ఇదివరకు ఆ తల్లి మీ ఇంట్లో నలుగురు ఆడవాళ్ళకే తెలుసు. ఇవాళ లక్షలమంది ఆమె కోసం బాధపడుతున్నారు. మనల్ని చూసి నవ్వేవాళ్ళు లేరిప్పుడు. అందులో కొంచెం కూడా మంచి లేదంటావా?

చెల్లెలు

ఆగస్టు 18

చెల్లీ,

రాయకూడదనుకున్నాను. నువ్వు టిక్కెట్టు కొనేస్తావని రాస్తున్నాను. కొనకు.

ఆ పిల్ల గొంతు నీది.

చిన్నప్పుడు నాతో ఒకే మంచం మీద పడుకుని, చీకటంటే భయమేసి నన్ను పిలిచిన గొంతది. దాన్ని కాస్త సన్నం చేసినంత మాత్రాన నాకు తెలియకుండా పోతుందా? మొదటిసారి విన్నప్పుడే తెలిసింది. మీ బావ కూడా మర్నాడు, "అది మీ చెల్లెలి గొంతులా లేదూ?" అన్నాడు. లేదన్నాను. జూన్‌లో నీకు రాసినప్పుడు కావాలనే ఆ సంగతి రాయలేదు. నువ్వే చెబుతావని ఆగాను. పెట్టేశానక్కా, గొర్రెల దొంగని చంపాలని పెట్టేశాను అని ఒక్క ముక్క రాసి ఉంటే, తిట్టుకునేదాన్ని, ఏడ్చేదాన్ని, ఏదో ఒక రోజుకి మరిచిపోయేదాన్ని. నువ్వు మైకు ముందు నిలబడి, "నేను పెద్దదాన్నిగా" అని సరిగ్గా వచ్చేదాకా ఎన్నిసార్లు అన్నావో అని, మందులు లెక్కపెడుతూ లెక్కపెడుతూ ఆగిపోతున్నాను. అది నేను చెప్పిన మాట చెల్లీ. నువ్వు నా కోసం అడిగావనుకుని, అత్తయ్య నోటినుంచి ఉపాయంగా లాగి నీకు అందించిన మాట.

అత్తయ్యకి అంతా చెప్పేశాను. ఇంట్లో దొంగలా తిరగలేక చెప్పాను. ఆవిడ విని, "నీకు చెప్పుకోవడానికి ఒక మనిషి ఉంది అనుకున్నావు, అంతేగా" అంది. ఆ రోజునుంచి నాతో మళ్ళీ మాట్లాడుతోంది.

తరవాత ఒకరోజు మీ బావని ఆ ఆట మళ్ళీ పెట్టమంది. తనే కూర్చుంది. తల్లిని వంతెన ఎక్కించింది. మీట వెలిగింది. ఆవిడ చెయ్యి ఒళ్ళోనే ఉంది. వంతెన తెగి ముగ్గురూ పోయారు. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ ముగ్గురూ పోయారు. "అమ్మా, అది నొక్కితే ఒకరు మిగులుతారు" అన్నాడు మీ బావ. "తెలుసురా" అంది. అలా ఎన్నిసార్లో. చివరికి అతనే స్క్రీన్ ఆర్పేశాడు. ఆవిడ అతన్ని కూర్చోబెట్టి, మగవాళ్ళకి చెప్పనిదంతా చెప్పింది, అతనికంటే ముందు పుట్టి పోయినవాడి సంగతితో సహా. అది విన్నాక తను ఎన్నిసార్లు నవ్వుతూ ఆ మీట నొక్కాడో గుర్తుచేసుకుని, మీ బావ రెండు రోజులు షాపు తెరవలేదు. షాపుకొచ్చే కుర్రాళ్ళు ఎవరి చేతిలోనైనా పానా జారితే "వదిలెయ్ తల్లీ" అని నవ్వుతారట. ఇప్పుడు వాళ్ళని ఆ మాట అనొద్దని ఎలా చెప్పాలో అతనికి తెలియడం లేదు.

ఇందులో కొంచెమైనా మంచి లేదా అని అడిగావు. జరిగింది చెబుతాను, నువ్వే తేల్చుకో.

పోయిన వారం ఆసుపత్రిలో ఒక అమ్మాయికి బిడ్డ పోయింది. మొదటి కాన్పు. గోడ వైపు తిరిగి పడుకుని ఎవరేం పెట్టినా ముట్టడం లేదు. నేనున్నట్టే ఉంది. డ్యూటీ దిగి ఇంటికెళ్ళి అత్తయ్యతో చెప్పాను. ఆవిడ మారుమాట లేకుండా చెప్పులేసుకుంది. ఆ అమ్మాయి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ముట్టని గంజి గ్లాసు పక్కకి జరిపింది. తరవాత, నాకు చెప్పినట్టే, నెమ్మదిగా మొదలుపెట్టింది. "ఒక తల్లి ఇద్దరు పిల్లల్ని తీసుకుని వంతెనెక్కిందమ్మా."

ఆ అమ్మాయి ఇటు తిరిగింది. "ఆ ఆటలోదా అండీ? మా తమ్ముడు ఆడతాడు" అంది.

అత్తయ్య ఆ పిల్ల చెయ్యి ఒకసారి నిమిరింది. తరవాత "అవునమ్మా, ఆటలోదే" అంది. దుప్పటి సరిచేసి లేచింది. దారిపొడుగునా నా చెయ్యి పట్టుకునే నడిచింది, మా వీధి మలుపు దగ్గర ఆగింది.

"ఆ పిల్లకి చెప్పడానికి నా దగ్గర ఇంకేం లేదమ్మాయీ" అంది.

మీట తీయించినా, ఉంచినా, నీ ఇష్టం. నాకు రాయకు.

అక్క